బెజవాడ ఎండల్లో ఇంటి బ్రెడ్: మొదటిసారి చేసేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

మనకి దొరికే బ్రెడ్ రెసిపీల్లో చాలావరకు చలి దేశాల వంటగదుల్లో పుట్టినవి. గోరువెచ్చటి నీళ్ళు పోయమంటాయి, పిండిని ఇంట్లో వెచ్చగా ఉండే చోటు చూసి గంటన్నర పెట్టమంటాయి. విజయవాడలో ఏప్రిల్ వచ్చిందంటే వంటగది మొత్తం వెచ్చటి చోటే, డాబా మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళ కింద చెయ్యి కూడా పెట్టలేం. అక్కడి లెక్కలు ఇక్కడ అచ్చంగా పాటిస్తే పిండి అరగంటలో పొంగి, ఆ తర్వాత కుంగి, గంటన్నరకి పుల్లటి వాసన కొడుతూ ఉంటుంది, చేసినవాళ్ళేమో "నా చేతికి బ్రెడ్ రాదు" అనుకుని మానేస్తారు. చేతిలో లోపమేమీ లేదు. పిండి వేడెక్కిపోయింది, అంతే.

ఇడ్లీ పిండి రుబ్బిపెట్టే ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలిసిందే. జనవరిలో రాత్రంతా ఉంచినా సరిగా పులవని పిండి, రోహిణి కార్తెలో నాలుగైదు గంటలకే గిన్నె దాటి పొర్లుతుంది. దానికి ఎవరూ టైమ్ పెట్టుకోరు, మూత తీసి చూస్తారు. బ్రెడ్ పిండిని కూడా అలాగే చూడాలి. నేను కింద నిమిషాలు రాస్తాను గానీ అవి అంచనా కోసమే, చివరి మాట పిండిదే.

ముందు కొనాల్సింది కాటా

ఓటీజీ (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) లేకపోయినా బ్రెడ్ చేసుకోవచ్చు, దాని గురించి తర్వాత చెప్తాను. డిజిటల్ కాటా మాత్రం తప్పనిసరి. ఒకే కప్పుతో మైదా తేలిగ్గా పోస్తే 120 గ్రాములు వస్తుంది, అదిమి నింపితే 150 వస్తుంది, ఆ తేడాతోనే పిండి జారుడుగానో రాయిలాగానో తయారవుతుంది. తర్వాత 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న బ్రెడ్ టిన్ను ఒకటి. పిండిలో గుచ్చి వేడి చూసే థర్మామీటర్ ఉంటే చాలా మంచిది, మన ఊళ్ళో ఇంకా మంచిది. వన్‌టౌన్ వైపు పని పడినప్పుడు బేకరీ సామాను అమ్మే షాపులో ఇవన్నీ అడిగి చూడండి, లేదంటే ఆన్‌లైన్లో తెప్పించుకోండి.

ఆ టిన్నుకి సరిపోయే కొలతలు ఇవి: మైదా 300 గ్రాములు, నీళ్ళు 190 గ్రాములు (నీళ్ళని కూడా కాటా మీదే తూచండి), ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, ఉప్పు 6 గ్రాములు, పంచదార 12 గ్రాములు, వెన్న లేదా వాసన లేని నూనె 15 గ్రాములు. మామూలు కాటాలు ఇంత చిన్న బరువుల్ని సరిగా చూపించవు, కాబట్టి టీస్పూన్ గుర్తుపెట్టుకోండి: గీసి కొలిచిన ఒక టీస్పూన్ ఈస్ట్ సుమారు 3 గ్రాములు, మెత్తటి ఉప్పయితే సుమారు 6 గ్రాములు. మార్చి నుంచి జూన్ దాకా ఈస్ట్‌ని 2 గ్రాములకి తగ్గించండి. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఒక టీస్పూన్ వెనిగర్ కూడా కలపండి, ఎందుకో నిల్వ దగ్గర చెప్తాను.

బేకరీల్లో మైదాని వందగా తీసుకుని మిగతావన్నీ దానికి శాతాల్లో లెక్కేస్తారు. పై కొలతలో నీళ్ళు 63, ఉప్పు 2, ఈస్ట్ 1. ఈ లెక్క అలవాటైతే టిన్ను ఎంతదైనా ఇబ్బంది ఉండదు, ఇంకొకరి రెసిపీ చూడగానే పిండి గట్టిగా ఉంటుందా జారుగా ఉంటుందా అన్నది కూడా తెలిసిపోతుంది.

మైదా, ఈస్ట్

మైదా ప్యాకెట్ వెనక 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతో రాసి ఉంటుంది. పది కంటే తక్కువున్నది వదిలేసి 11 దగ్గర ఉన్నది తీసుకోండి. ఆ ప్రొటీనే నీళ్ళతో కలిసి గ్లూటెన్ అవుతుంది, ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచేది అదే. విడిగా అమ్మే మైదా గురించి ఈ వివరం తెలియదు కాబట్టి మొదట్లో ప్యాకెట్‌దే మేలు.

గోధుమ పిండితోనే మొదలుపెడతామని చాలామంది అంటారు, ఆరోగ్యం కోసం. ఆ ఆశ నాకు అర్థమవుతుంది, కానీ మొదటి బ్రెడ్డుకి అది వద్దు. అందులోని పొట్టు గ్లూటెన్ పొరల్ని తెంపుతుంది, మరలో రాళ్ళ మధ్య నలిగినప్పుడు పిండిపదార్థం ఎక్కువగా చితికి నీళ్ళు కూడా ఎక్కువ పీలుస్తుంది. అన్నీ సరిగా చేసినా బరువుగా వస్తుంది, తప్పెక్కడో మీకు తెలియదు. ముందు మైదాతో చెయ్యి కుదిరాక, 300లో 90 గ్రాములు గోధుమ పిండి వేసి, నీళ్ళు ఇంకో 15 గ్రాములు పెంచి చూడండి. అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు.

ఈస్ట్ రెండు రకాలు దొరుకుతుంది. ఇన్‌స్టంట్ అని ఉన్నదైతే నేరుగా పిండిలో కలిపేయొచ్చు, గింజల్లా పెద్దగా ఉండే యాక్టివ్ డ్రై రకాన్ని ముందు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి. ప్యాకెట్ విప్పాక గాలి చొరబడని డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. మన ఎండలో వంటింటి అల్మరాలో ఉంచిన ఈస్ట్ త్వరగా నీరసపడుతుంది. అనుమానముంటే పావు కప్పు గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పంచదార, అర టీస్పూన్ ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురగ రాకపోతే పారేయండి, పిండి వృథా చేసుకోవద్దు.

నీళ్ళ వేడి లెక్క

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి, మన ఊళ్ళో బ్రెడ్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

కలపడం పూర్తయ్యేసరికి పిండి 26 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్ట్ నిదానంగా, సమంగా పని చేస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ వేగం దాదాపు రెట్టింపవుతుంది. గది వేడి, మైదా వేడి మన చేతిలో ఉండవు, నీళ్ళ వేడి మాత్రం ఉంటుంది. బేకరీల వాళ్ళు వాడే లెక్క చాలా తేలిక: 26ని మూడుతో హెచ్చవేస్తే 78. అందులోంచి గది వేడినీ మైదా వేడినీ తీసేస్తే నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో వస్తుంది. మేలో వంటగది 36 అనుకోండి, డబ్బాలో మైదా కూడా 36. 78లోంచి 72 పోతే 6. అంటే ఫ్రిజ్ నీళ్ళు కావాలి, కుండ నీళ్ళు కూడా చాలవు. డిసెంబర్‌లో గది 25, మైదా 25 ఉంటే 28 వస్తుంది, పొద్దున్నే కుళాయి నీళ్ళు సరిపోతాయి. మిషన్‌తో కలిపితే రాపిడికి పిండి ఇంకా వేడెక్కుతుంది, కాబట్టి నీళ్ళు మరికొంచెం చల్లగా ఉండాలి.

ఎండాకాలంలో మైదాని ఫ్రిజ్‌లోనే పెట్టుకుంటే రెండు లాభాలు, పురుగు పట్టదు, నీళ్ళ కోసం అంత తిప్పలూ ఉండవు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పొడి ఈస్ట్‌ని నేరుగా ఐసులాంటి నీళ్ళలో వేయకండి, దెబ్బతింటుంది. ముందు మైదాలో బాగా కలిపి, తర్వాత నీళ్ళు పోయండి. థర్మామీటర్ లేనివాళ్ళు కలిపిన ముద్ద మీద అరచెయ్యి పెట్టి చూడండి, కొంచెం చల్లగా తగిలితే సరిగ్గా ఉన్నట్టు, వెచ్చగా తగిలిందంటే అప్పటికే వేడి ఎక్కువైనట్టు.

కలపడం, మర్దన

పెద్ద గిన్నెలో మైదా, ఈస్ట్, పంచదార కలిపి నీళ్ళు పోసి, పొడి పిండి కనిపించనంత వరకు మాత్రం చెయ్యి తిప్పండి. వెనిగర్ వేస్తుంటే నీళ్ళలోనే కలపండి. తర్వాత మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి, వేడి రోజుల్లో గిన్నెతో సహా ఫ్రిజ్‌లో. ఈ ఇరవై నిమిషాల్లో మైదా నీళ్ళు తాగి గ్లూటెన్ దానంతటదే మొదలవుతుంది, మీ చేతికి సగం శ్రమ తగ్గుతుంది.

ఇప్పుడు ఉప్పు, వెన్న వేసి వంటగట్టు మీద మర్దన చేయండి. గ్రానైట్ గట్టయితే చల్లగా కూడా ఉంటుంది. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, పావు వంతు తిప్పి, మళ్ళీ తోయాలి. మొదటి ఐదు నిమిషాలు చేతికి అంటుకుంటూ విసుగు పుట్టిస్తుంది. అప్పుడే అందరికీ ఇంకో గుప్పెడు పొడి పిండి చల్లాలనిపిస్తుంది, చపాతీ పిండి అలవాటు అది. దయచేసి చల్లకండి. బ్రెడ్ పిండి చపాతీ పిండి కంటే మెత్తగా, కొంచెం జిగటగా ఉండి తీరాలి, మీరు చల్లిన ప్రతి గుప్పెడూ రేపు బ్రెడ్‌ని గట్టిపరుస్తుంది. చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని కొనసాగించండి. ఎనిమిది, పది నిమిషాలకి అంటుకోవడం తగ్గి పైన నున్నగా అవుతుంది. నిమ్మకాయంత ముద్ద తుంచి రెండు చేతులతో మెల్లగా సాగదీసి కిటికీ వైపు పెట్టి చూడండి. చిరగకుండా పల్చబడి అవతలి వెలుతురు కనిపిస్తే చాలు. మధ్యలోనే చిరిగితే ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ మర్దన చేయండి.

ఒకప్పుడు బేకరీల్లో పిండికి బలం రావడానికి పొటాషియం బ్రోమేట్ కలిపేవాళ్ళు, 2016లో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని అనుమతించిన పదార్థాల జాబితాలోంచి తీసేసింది. ఇంట్లో మనం మర్దనతో, ఓపికతో తెచ్చుకునేది ఆ బలాన్నే. అందుకే ఈ పది నిమిషాల్ని తగ్గించొద్దని గట్టిగా చెప్తున్నాను.

మొదటి పొంగు

ముద్దకి నూనె రాసి, నిటారుగా ఉండే డబ్బాలో వేసి, పిండి ఉన్న ఎత్తుకి బయట రబ్బరు బ్యాండు పెట్టండి. వాలుగా ఉండే గిన్నెలో రెట్టింపయ్యిందో లేదో కంటికి సరిగా అందదు, నిటారు డబ్బాలో అబద్ధం ఉండదు. మూత తప్పనిసరి, ఫ్యాను కింద వదిలేస్తే పైన పొర కట్టేసి తర్వాత పొంగనివ్వదు. చలికాలంలో గంటా గంటంపావు పట్టొచ్చు, మేలో ముప్పావు గంటలోపే రెట్టింపవుతుంది. వేలికి పిండి అద్దుకుని లోపలికి నొక్కండి. గుంట అలాగే ఉంటే అయినట్టు, గబుక్కున పూడిపోతే ఇంకా టైమ్ ఉంది, ముద్ద మొత్తం ఉస్సూరుమని కుంగితే దాటిపోయింది. దాటిపోయినా పారేయక్కర్లేదు, పల్చగా పరిచి పిజ్జాకి వాడుకోవచ్చు.

నా సలహా అడిగితే, ఎండాకాలంలో మొదటి పొంగుని ఫ్రిజ్‌కే అప్పగించండి. ఈస్ట్‌ని అర టీస్పూన్‌కి తగ్గించి, రాత్రి వంట పని అయ్యాక పిండి కలిపి, పావుగంట బయట ఉంచి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసి పడుకోండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు హాయిగా ఉంటుంది. చల్లదనంలో ఈస్ట్ మెల్లగా పని చేస్తుంది, పిండిలో ఆమ్లాలు, సువాసనలు తయారు కావడానికి టైమ్ దొరుకుతుంది, రుచి తేడా మొదటి ముక్కలోనే తెలుస్తుంది. చల్లటి పిండి చేతికి అంటుకోదు కాబట్టి చుట్టడం కూడా సులువు. పైగా పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపే ఓవెన్ పని అయిపోతుంది, మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఓవెన్ పక్కన నిలబడే బాధ తప్పుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు టెన్షన్ పడకుండా ఉండటానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు.

చుట్టడం, రెండో పొంగు

పిండిని గట్టు మీదకి తీసి అరచేత్తో మెల్లగా అదిమి గాలి తీయండి. టిన్ను పొడవంత వెడల్పుగా దీర్ఘచతురస్రంలా పరిచి, ఒక అంచు నుంచి బిగుతుగా, సందుల్లో గాలి మిగలకుండా చాప చుట్టినట్టు చుట్టి, చివరి అంచుని వేళ్ళతో నొక్కి అతికించండి. అతుకు కిందికి వచ్చేలా నూనె రాసిన టిన్నులో పెట్టండి. వదులుగా చుడితే బ్రెడ్ మధ్యలో పెద్ద బొరియలు పడతాయి.

తడి గుడ్డ కప్పి వదిలేయండి. గుడ్డ పిండికి తగలకూడదు, పొంగాక అంటుకుంటే తీసేటప్పుడు చిరుగుతుంది. పిండి టిన్ను అంచు దాటి మధ్యలో ఒక వేలు మందం పైకి వచ్చాక, వేలితో నొక్కితే గుంట నిదానంగా సగం వరకు పూడితే ఓవెన్‌కి సిద్ధం. వేడి రోజుల్లో ఇది అరగంటలో అయిపోవచ్చు, ఫ్రిజ్‌లోంచి తీసిన పిండికి గంట, గంటన్నర. ఈ లోపే ఓవెన్ వేడి చేయడం మొదలుపెట్టండి, పిండి సిద్ధమయ్యాక దాన్ని ఆపలేం. అప్పుడే కరెంటు పోతే టిన్నుని అలాగే ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూసేయండి, కొంతసేపు ఆగుతుంది.

కాల్చడం

ఓటీజీని 16 ఆంప్స్ ప్లగ్గుకే పెట్టండి. పైనా కిందా రెండు రాడ్లూ వేసి 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు వేడి చేయండి. చిన్న ఓటీజీల్లో డయల్ చూపించే వేడికీ లోపలి వేడికీ బాగా తేడా ఉంటుంది, లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఆ అనుమానం తీరుతుంది. టిన్నుని కింది వరసలో పెట్టి, పైన పాలు రాసి, 190కి తగ్గించి 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తీయొద్దు, పిండి చివరిసారి పైకి లేచేది అప్పుడే. ఇరవై నిమిషాలకే పైభాగం ముదురు రంగుకి వస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి, రాడ్డు దగ్గరగా ఉండే ఓటీజీల్లో ఇది మామూలే.

రంగు చూసి తీసేయకండి. థర్మామీటర్ మధ్యలో గుచ్చితే 93 నుంచి 96 డిగ్రీలు ఉండాలి. అది లేకపోతే బ్రెడ్‌ని టిన్నులోంచి తీసి అడుగున వేలితో కొట్టండి, డొల్లగా మోగాలి. వెంటనే జాలీ మీద పెట్టండి, టిన్నులో వదిలేస్తే ఆవిరికి అడుగు తడిసిపోతుంది. ఆ వాసనకి ఇంటిల్లిపాదీ వంటగదిలోకి వస్తారు, అయినా గంట దాకా కోయనివ్వకండి. లోపలి పిండిపదార్థం చల్లారేటప్పుడే గట్టిపడి ముక్కకి రూపం ఇస్తుంది, వేడి మీద కోస్తే పచ్చిగా, జిగురుగా అనిపిస్తుంది.

కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్‌లోనూ ఇవే లెక్కలు, కన్వెక్షన్ మోడ్ అని చూసుకుని పెట్టండి, మైక్రో మోడ్‌లో లోహపు టిన్ను పెట్టకూడదు. ఏ ఓవెనూ లేనివాళ్ళు మందపాటి పాత అల్యూమినియం గిన్నెలోనో పెద్ద కుక్కర్లోనో చేసుకోవచ్చు. కుక్కరైతే గ్యాస్కెట్, వెయిట్ రెండూ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. అడుగున ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేసి, టిన్ను దింపి, సన్నటి మంట మీద 40, 45 నిమిషాలు ఉంచండి. పైభాగం తెల్లగానే ఉంటుంది, ముక్కలు కోసి పెనం మీద కాల్చుకుంటే బాగుంటుంది.

సరిగ్గా రాకపోతే

ఓవెన్‌లో పైభాగం కుంగిందంటే రెండో పొంగు ఎక్కువైంది, మన దగ్గర పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇదే. పక్కన చీలిందంటే దానికి వ్యతిరేకం, ఇంకో పది నిమిషాలు ఆగాల్సింది. ఇటుకలా బరువుగా ఉంటే మర్దన చాల్లేదు, లేదా ఈస్ట్ చచ్చిపోయింది, లేదా పొడి పిండి చల్లారు. పుల్లటి, సారా వాసన వస్తే పిండి వేడిలో ఎక్కువసేపు ఉంది. ఏది పాడైనా తర్వాతిసారి ఒక్కటే మార్చండి. నీళ్ళు, ఈస్ట్, టైమ్ మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

నిల్వ

ఇంటి బ్రెడ్‌లో ప్రిజర్వేటివ్ ఉండదు, కృష్ణ ఒడ్డు తేమకి రెండు మూడు రోజుల్లో బూజు వస్తుంది, వానాకాలంలో ఇంకా ముందే. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆగుతుంది గానీ ఆ చల్లదనంలోనే బ్రెడ్ అన్నిటికన్నా త్వరగా ఎండినట్టు గట్టిపడుతుంది. మొదటిరోజుకి కావలసింది బయట ఉంచి, మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా పెనం మీద వేసుకోండి. వేడి, తేమ ఉన్న ఊళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది. మైదాలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఓవెన్ వేడిని కూడా తట్టుకుని, ఒకట్రెండు రోజుల్లో బ్రెడ్ మధ్యలో మళ్ళీ పెరుగుతాయి. బూజు కనిపించదు, మగ్గిపోయిన పండు వాసన వస్తుంది, విరిస్తే లోపల తీగలు సాగుతుంది. అలాంటిది పారేయాల్సిందే, టిన్ను, గట్టు వెనిగర్‌తో తుడవాలి. పిండిలో ఆ టీస్పూన్ వెనిగర్ వేయమన్నది ఇందుకే, కొంచెం పులుపు ఉన్న పిండిలో అవి అంత సులువుగా పెరగలేవు, రుచిలో తేడా తెలియదు.

రెండు మూడు సార్లు టిన్ను బ్రెడ్ కుదిరాక ఇదే పిండితో పావ్ చేయండి. ఎనిమిది ఉండలు చేసి, పళ్ళెంలో అంగుళం ఎడంతో పెట్టి, ఒకదానికొకటి తగిలేదాకా పొంగనిచ్చి, 200 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు కాల్చి, బయటికి తీయగానే పైన వెన్న రాయండి. పిల్లలకి ఉండలు చుట్టే పని ఇవ్వొచ్చు, చేతికి నూనె రాసి.